నేరేడు పళ్లు, పొంగలి అడుగు

కోటిలింగానికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మొదట్లో, మెట్లేమైనా పెరిగాయా అన్నట్టు వాటివంక కోపంగా చూసేవాడు. తర్వాత మధ్యలో ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ చూడలేదనే అనుకున్నాడు. పైన అరుగు మీంచి చిదంబరయ్యగారు రోజూ చూస్తూనే ఉన్నారు.

నల్లమల అంచున, వాగు పక్కన గుట్ట మీద చిన్న ఆశ్రమం. చిదంబరయ్యగారు అక్కడ గురువు. ఎనభై దాటిన మనిషి, చక్కెర జబ్బుతో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నారు. కోటిలింగం ఆయన శిష్యుడు. ఉపదేశం కోసమని వచ్చి వంటింట్లో స్థిరపడిపోయాడు. గురువుగారి విస్తట్లో గరిటెడు అన్నం ఎక్కువ పడనిచ్చేవాడు కాదు. ఆయన చూపు పొంగలి గిన్నె మీదికి వెళితే చటుక్కున మూత పెట్టేసేవాడు.

"ఒక్క ముద్దరా లింగా" అనేవారు ఆయన.

"ఇది దేవుడికయ్యా, మీకు కాదు."

మరి తన సంగతో? ఆశ్రమానికి ఒక నియమం ఉంది. వండింది పారేయకూడదు. అందరూ తిన్నాక గిన్నెల్లో ఏం మిగిలినా కోటిలింగం నియమం తప్పకుండా ఖాళీ చేసేవాడు. అందులోనూ బెల్లం పొంగలి అడుగు! నేతిలో ఎర్రగా వేగి గిన్నెకు పట్టుకున్న ఆ అడుగంటే అతనికి ప్రాణం. అంత నిష్ఠ గల శిష్యుణ్ణి ఇంకెక్కడా చూడం లెండి.

అయ్యవారు పోరగా పోరగా చివరికి ఒకరోజు టౌనులో ఆస్పత్రికి వెళ్లాడు. సాయంత్రానికి బుట్టెడు నేరేడు పళ్లతో తిరిగొచ్చాడు.

"ఏమన్నాడురా డాక్టరు?"

"షుగరుందన్నాడు. గుండె కూడా కష్టపడుతోందట. మాత్రలు రాశాడు. అన్నం, తీపి తగ్గించమన్నాడు" అని ఆ ముక్క గబగబా మింగేసి, బుట్ట ముందుకు జరిపాడు. "కానీ అయ్యా, ఈ నేరేళ్లు, ఉసిరికాయలు, రేగుపళ్లు ఉన్నాయే, ఇలాంటివి గుండెకీ షుగరుకీ కూడా మేలట. చక్కగా తినమన్నాడు."

"మంచి మాట చెప్పాడు. మొదటిది కూడా మంచి మాటే" అన్నారు చిదంబరయ్యగారు.

కోటిలింగం రెండో మాటే చెవిన వేసుకున్నాడు. అన్నం గుట్ట అలాగే ఉంది, నెయ్యి అలాగే ఉంది, పొంగలి అడుగు గీకే చప్పుడూ అలాగే ఉంది. అంతా అయ్యాక గుప్పెడు నేరేళ్లు నోట్లో వేసుకుని, ఊదారంగు తిరిగిన నాలుక బయటపెట్టి చూపించేవాడు.

"మందు పడిందయ్యా. ఇక లోపలి సంగతి అది చూసుకుంటుంది."

నేరేళ్ల కాలం సగమైంది. మెట్ల మీద అతను కూర్చునే చోటు మాత్రం ఇంకాస్త కిందికి దిగింది.

ఆ రోజు చిదంబరయ్యగారు ఆకలి లేదని మధ్యాహ్నం భోజనానికి రాలేదు. అందరూ తిని వెళ్లాక కోటిలింగం తన విస్తరి వేసుకున్నాడు. అన్నం, పప్పు, నెయ్యి, గీకిన పొంగలి, ఓ పక్కన నేరేళ్లు. ఇంకా ముద్ద కలపనేలేదు, అయ్యవారు వచ్చి ఎదురుగా చతికిలబడ్డారు.

"ఇప్పుడేస్తోందిరా ఆకలి" అంటూ విస్తరి తనవైపు జరుపుకున్నారు.

"అయ్యా, అది నాది. మీకు వేరే వడ్డిస్తాను."

"ఇదే బాగుంది."

పొంగలి ముద్ద చేసి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "అబ్బ! ఇన్నేళ్లూ దీన్ని నీకూ దేవుడికీ వదిలేశానా?"

ఇంకో ముద్ద వెళ్లింది.

"వద్దయ్యా. మీ ఒంటికి పడదు."

"నేరేళ్లున్నాయిగా. చివర్లో నాలుగు వేసుకుంటాను. లోపలి సంగతి అవి చూసుకుంటాయి."

ఈసారి ముద్ద పెద్దది. కోటిలింగానికి చెమటలు పట్టాయి. నిరుడు ఇలాగే తీపి తిని ఆయన వాగు గట్టున కళ్లు తిరిగి పడిపోయారు. పిలిస్తే పలకని ఆ మనిషిని భుజాన వేసుకుని గుట్ట ఎక్కింది తనే.

తింటున్న మనిషి ముందునుంచి విస్తరి తీయరు. పగవాడి ముందునుంచైనా తీయరు. గురువు ముందునుంచి తీయడమంటే ఇక చెప్పాలా? అవన్నీ కోటిలింగానికి తెలుసు. తెలిసే రెండు చేతులూ చాపి విస్తరి లాగేశాడు. నేరేళ్లు వంటిల్లంతా దొర్లాయి.

ముద్ద అయ్యవారి చేతిలోనే ఉండిపోయింది. కోటిలింగం విస్తరిని గుండెలకు హత్తుకుని ఏడుస్తున్నాడు, చొక్కా నిండా పప్పు.

"మీకేమైనా అయితే నేనెవరికి వండి పెట్టాలయ్యా?"

చిదంబరయ్యగారు చేతిలోని ముద్ద పక్కన పెట్టేశారు. ఎంగిలి కాని ఎడం చేత్తో అతని కళ్లు తుడిచారు.

"నా విస్తరి లాగడానికి నువ్వున్నావు. నీది లాగాలంటే నాకు బలం చాలడం లేదురా" అన్నారు.

ఆయన గొంతు వణకడం కోటిలింగం ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొంగలి గిన్నె, అడుగుతో సహా, వాగు దగ్గర మేకలు కాసేవాళ్లకు వెళ్లింది. కోటిలింగం వంటింట్లో ఒంటరిగా తినలేదు. అయ్యవారికి వడ్డించి, ఆయన పక్కనే తన విస్తరి కూడా వేసుకున్నాడు. గరిటెడు అన్నం, చారెడు కూర, తీపి ఉండే చోట నేరేళ్లు.

తినబోతూ ఆగాడు. విస్తరిని ఇంకాస్త జరిపి, ఆయన చెయ్యి అందేంత దగ్గరగా పెట్టుకుని, అప్పుడు ముద్ద కలిపాడు.