మన్ను కప్పని గింజ

శారదా నది ఒడ్డున ఆశ్రమం నడిపే సాంబమూర్తి గురువుగారికి ఒక అలవాటుండేది. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. వంటశాల చూసే పేరిందేవమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, అందరినీ కూర్చోబెట్టి పాఠం చెబుతారు, తప్పు చేస్తే కోప్పడతారు. ఇన్నేళ్ళలో నాకొక్క ముక్క చెప్పలేదు, ఒక్క మాట అనలేదు. నేను మీకు శిష్యురాలినా, వంటమనిషినా?"

అప్పటికే ఆమె మూట కట్టుకుని ఉంది. శిష్యురాలు కాకపోతే చోడవరంలో అన్నగారింటికి వెళ్ళిపోవాలని నిశ్చయం. అక్కడా వంటే చెయ్యాలి. కాకపోతే అక్కడ ఆశపడేదేమీ లేదు గనక ఏడవక్కర్లేదనుకుంది.

గురువుగారు మూట వైపు చూసి, గూట్లోంచి చిన్న గుడ్డ పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టారు. కొండల నుంచి వచ్చిన ఒక భక్తురాలు ఇచ్చిన విత్తనం అది.

"ఇదొక రకం కొత్తిమీర. ఆకు పొడుగ్గా, అంచు రంపంలా ఉంటుంది. వాళ్ళింట్లో ఈ ఆకు వేసిన చారు తాగాను, ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. దీన్ని మొలిపించి, ఒక్కసారి చారు పెట్టి వెళ్ళుదువుగాని."

కొత్తిమీర అన్నాక పేరిందేవమ్మకు ఒకరు చెప్పాలా? ధనియాలు నలిపి బద్దలు చేసి మట్టిలో కప్పడం చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటైన పనే. పొట్లం విప్పితే నలకల్లాంటి గింజలున్నాయి. అయినా పేరు కొత్తిమీరే కదా అని, పీట మీద పోసి అరచేత్తో రుద్దింది. ఎండ బాగా తగిలే చోట మడి తవ్వి, చల్లి, పైన రెండు వేళ్ళ మందాన మెత్తటి మన్ను కప్పింది. పొట్లం గుడ్డను నూతి దగ్గర తొట్టి వెనక దులిపి దండెం మీద ఆరేసింది. ఇక పూటపూటా నీళ్ళు పోయడం, పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు మన్ను సర్దడం. మడిలో గడ్డి తప్ప ఏదీ మొలవలేదు. చివరికి విత్తనానికి కూడా నేనంటే లోకువే అనుకుని కళ్ళొత్తుకుంది.

వెళ్ళిపోదామనుకున్న రోజున, పోయేముందు నూతి దగ్గర శుభ్రం చేద్దామని తొట్టి వెనక పిచ్చిమొక్కలు పీకబోయింది. చేతికి గుప్పుమని కొత్తిమీర వాసన తగిలింది. వంగి చూస్తే నీడలో, తడినేలకు అంటుకుని, రంపపు అంచుల ఆకులు. తను దులిపేసిన గింజలే! పేరిందేవమ్మ ఆ బురదలోనే చతికిలబడి చిన్నపిల్లలా నవ్వింది.

మూట విప్పలేదు గానీ ప్రయాణం చారు దాకా వాయిదా పడింది. ఎండ తగిలితే ఆకు బిరుసెక్కి, పువ్వు కాడ పైకి లేస్తోందని గమనించి తాటాకు అడ్డం పెట్టింది. కాడ తుంచేస్తే ఆకు మళ్ళీ వస్తోందని కనిపెట్టింది.

చారు పెట్టిన రోజు గురువుగారు మారు అడిగి మరీ పోయించుకున్నారు. చెయ్యి కడుక్కుని తొట్టి వెనక్కి వచ్చి మొక్కలు చూశారు.

"తాటాకు అడ్డం పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి కాడ తుంచమని?"

"ఎవరూ చెప్పలేదండి. రోజూ చూస్తూంటే అదే తెలి..." అంటూ ఆగిపోయింది పేరిందేవమ్మ. తర్వాత మడి వైపు చూసి, "మడిలోవి ఎందుకు మొలవలేదండీ? అంత ప్రేమగా కప్పానే!" అంది.

గురువుగారు ఆమె తల మీద చెయ్యి వేశారు.

"ధనియాలకు కప్పాలి తల్లీ, కప్పకపోతే మొలవవు. ఇవి కప్పితే మొలవవు. కొన్ని గింజల మీద మన్ను వెయ్యడానికి మాత్రం నాకు చేతులు రావు."