తీతువు పిట్ట మర్యాద మానేసిన కథ

ఒకప్పుడు తీతువు పిట్టంత మెత్తగా మాట్లాడే పక్షి గోదావరి దిగువన ఇంకొకటి ఉండేది కాదు. ఇప్పుడు దాని అరుపు విన్నవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. నమ్మకపోతే మానండి, జరిగింది మాత్రం ఇదే.

ఆ రోజుల్లో తీతువుకి కళ్ల ముందు ఈ ఎర్రతోలు లేదు. బోడినేల మీద, కంకర రాళ్ల మధ్య గుడ్లు పెట్టే అలవాటూ లేదు. తుంగలమడుగు అనే పెద్ద చిత్తడినేలలో, ఒత్తుగా పెరిగిన తుంగగడ్డి చాటున, నక్కదిబ్బ అనే పొడి దిబ్బ మీద గూడు పెట్టుకుని ఉండేది. పొద్దున్నే కప్ప ఎదురైతే "బాగున్నారాండి" అని పలకరించేది. నత్త దారికి అడ్డం వస్తే "ముందు మీరు వెళ్లండి, నాకేం తొందర లేదు" అని పక్కకి తప్పుకుని నిలబడేది. నత్త వెళ్లడమంటే ఎంతసేపో మీకు తెలుసు కదా. అయినా నిలబడేది.

తుంగలమడుగుకి ఏటేటా ఒక చుట్టం వచ్చేది. ఆవిడ పేరు వరదమ్మ. వానాకాలంలో ఎక్కడెక్కడి కొండల నుంచో నడిచి నడిచి, ఒళ్లంతా బురదతో వచ్చి, తుంగలో కాళ్లు బారజాపుకుని పడుకునేది. చలికాలం దాకా తీరిగ్గా పడుకుని, ఒంటి బురదంతా దించుకుని, తేటగా లేచి సముద్రానికి వెళ్లిపోయేది. ఆవిడ పడుకున్నన్నాళ్లూ పక్కనున్న మెరకపాలెం బావుల్లో తియ్యటి నీళ్లు ఊరేవి. తుంగ మొదళ్లలో చేపలు గుడ్లు పెట్టేవి. అన్నీ సాఫీగా జరిగిపోతున్నాయి కాబట్టి వాటి గురించి ఎవరూ ఆలోచించేవారు కారు.

మెరకపాలెంలో ఒక ఆచారం ఉండేది. మడుగులోంచి ఏం తీసుకోవాలన్నా ముందు అడగాలి. ఒడ్డున పిడికెడు బియ్యం పోసి, చేతులు కట్టుకుని, ఫలానాది తీసుకోమంటారా అని అడగాలి. అడిగినప్పుడు మడుగు తరఫున ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. కొంగకి చిరాకెక్కువ. పీత మాట్లాడుతూ మాట్లాడుతూ గిల్లేస్తుంది. అందుకని మడుగులో అందరూ కలిసి ఆ పని తీతువుకి అప్పగించారు.

"నువ్వైతే మర్యాదగా చెప్తావు" అన్నారు. తంటా అంతా అక్కడే మొదలైంది.

మొదట్లో బాగానే ఉండేది. చాపలు అల్లే పైడమ్మ వచ్చేది. "ఓ మోపు తుంగ కోసుకుంటానమ్మా, దుబ్బులు కదపను" అనేది. "అలాగేనమ్మా, కోసుకోండి" అనేది తీతువు. పైడమ్మ కోసుకున్న తుంగ మళ్లీ ఏడాది తిరిగేసరికి నడుమెత్తు పెరిగేది. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఒక వేసవిలో గవర్రాజు వచ్చాడు. మనిషి మంచివాడే. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అందరూ పిడికెడు బియ్యం పోస్తే అతను దోసెడు పోశాడు.

"పిట్టమ్మగారూ, మడుగులో ఓ మూల గట్టేసుకుని చేపల చెరువు చేసుకుందామనండి. ఇంత మడుగులో నా ఒక్కడితో ఏం పోతుందండి, ఆయ్" అన్నాడు.

తుంగలోంచి కొంగ మెడ సాచి "వద్దని చెప్పు" అంది. కానీ అంత వినయంగా నిలబడ్డ మనిషిని ముఖం మీద వద్దనడం ఎలా? తీతువు కాసేపు కాళ్లు మార్చి మార్చి నిలబడింది.

"కాస్త ఆలోచించుకుంటే బాగుంటుందేమోనండి" అంది.

"ఆలోచించానండి" అన్నాడు గవర్రాజు. మర్నాడే పార పట్టుకొచ్చాడు.

గవర్రాజు చెరువు చూసి అతని బావమరిది వచ్చాడు. బావమరిదిని చూసి వియ్యంకుడు వచ్చాడు. ఆ తరవాత ఊరు ఊరంతా వచ్చింది. ఒకరికి చెరువు కావాలి, ఇంకొకరికి చెరువు దాకా బాట కావాలి, మరొకరికి చెత్త పోసుకోడానికి చోటు కావాలి. తుంగ కోయడం ఆలస్యమవుతోందని నిప్పు పెట్టారు. అందరూ బియ్యం పోశారు. అందరూ చేతులు కట్టుకున్నారు. "నా ఒక్కడితో ఏం పోతుందండి" అని అందరూ అన్నారు.

ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లో ప్రతివాడూ ఒక్కడే అయితే మరి ఊరెవరు? ఒక్కడంటే ఒక్కడైనా పక్కకి తిరిగి, వరసలో తన వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో చూసుకోలేదు.

తీతువు మాత్రం ప్రతిసారీ "కాస్త చూసుకోండి", "ఏమీ అనుకోకపోతే ఇంకొంచెం ఆగండి" అంటూనే ఉంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆగనూ లేదు.

కొన్నాళ్లకి గాలి వచ్చింది. ఎప్పుడూ హాయిగా ఈలలేస్తూ వచ్చే గాలి ఈసారి దగ్గుతూ వచ్చింది.

"ఇక్కడా ఇదే పొగా?" అని నక్కదిబ్బ మీద కూలబడింది. "లోకమంతా తిరిగి వస్తున్నాను తీతువూ. ఒకచోట అడవి తగలబెడుతున్నారు. ఒకచోట కొండని పిండి చేస్తున్నారు. ఒకచోట పొగగొట్టాల నీడకి పగలే దీపాలు పెట్టుకుంటున్నారు. అన్ని భాషల్లోనూ ఒకటే మాట, నా ఒక్కడితో ఏం పోతుందని. ఆ భాషలన్నీ నాకు వచ్చు కాబట్టి చెప్తున్నాను. ఈ పొగంతా పైకెక్కి ఆకాశానికి జ్వరం తెప్పించింది."

"ఆకాశం గారికి జ్వరమా? అయ్యో, ఇప్పుడెలా ఉన్నారండి?" అంది తీతువు.

"ఎలా ఉంటారు? మేఘాలకి నిలకడ లేదు. నాలుగు నెలలు కాస్త కాస్తగా కురవాల్సిన వాన ఒక్కసారే కుమ్మరించి పోతున్నాయి. ఈ ఏడు మీ వరదమ్మ బాగా ఒళ్లు చేసి వస్తోంది. దారిలో చూశాను. ఆవిడకి పక్క సిద్ధం చేసుకోండి."

తీతువు చుట్టూ చూసింది. ఏ వైపు చూసినా గట్లు, గట్ల మధ్య చెరువులు. మడుగంతా పోయి నక్కదిబ్బ ఒక్కటే మిగిలింది. ఆ దిబ్బ మీద తీతువు గూడు, గూట్లో నాలుగు గుడ్లు ఉన్నాయి. పిల్లలు బయటికి రావడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది.

తీతువు గూడు వదిలి లేచింది. ఎగురుకుంటూ వెళ్లి గవర్రాజు చెరువు గట్టు మీద వాలింది.

"గవర్రాజు గారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాటండి. ఈసారి వరదమ్మ చాలా పెద్దదై వస్తోందటండి. ఆవిడ పడుకోడానికి చోటు లేదు. ఒకటి రెండు గట్లు తెంచి దారిస్తే బాగుంటుందేమోనండి" అంది.

గవర్రాజు శ్రద్ధగా విన్నాడు. తల కూడా ఊపాడు.

"సమయానికి చెప్పారండి. వరద వస్తోందంటే మరి గట్లు ఎత్తు చేసుకోవాలి కదండి" అన్నాడు.

చూశారా. వాళ్లు విన్నది అదీ.

గట్లు ఎత్తు చేయాలంటే మట్టి కావాలి. మట్టి నక్కదిబ్బ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మెరకపాలెం వాళ్లంతా తట్టలు పట్టుకుని బయల్దేరారు. ఆచారం తప్పలేదు, ఒక్కొక్కరూ పిడికెడు బియ్యం తెచ్చారు.

"ఒక్క తట్టండి, పిట్టమ్మగారూ."

"నా గుడ్లున్నాయండి" అంది తీతువు. రెక్కలు చాచి గూటి ముందు నిలబడింది. గొంతు మాత్రం పెంచలేదు. పెంచడం దానికి చేతకాదు.

"అయ్యయ్యో, గుడ్లు ముట్టుకుంటామా అమ్మా, పాపం కాదూ? ఈ పక్కనుంచి ఒక్క తట్ట తీసుకుంటానంతే" అన్నాడు మొదటివాడు. అన్నట్టే ఒక్క తట్ట తీసుకున్నాడు. రెండోవాడూ ఒక్క తట్టే. వాడి వెనకవాడూ ఒక్క తట్టే. ఎవడూ మాట తప్పలేదు.

సాయంత్రానికి దిబ్బ లేదు. రోలంత మట్టి ముద్ద మిగిలింది. దాని మీద గూడు, గూట్లో నాలుగు గుడ్లు.

"చూశారా, ఒక్క గుడ్డు కదల్చలేదు" అన్నాడు గవర్రాజు సంతోషంగా. అందరూ తట్టలు కడుక్కుని, తీతువుకి దణ్ణం పెట్టి మరీ ఇళ్లకి వెళ్లారు.

మర్నాడు తెల్లవారేసరికి వరదమ్మ వచ్చింది. గాలి చెప్పింది నిజమే, ఆవిడ ఎన్నడూ లేనంత పెద్దదైంది. ఎంతో దూరం నుంచి వచ్చిందేమో, ఒళ్లు తూలిపోతోంది.

"నా పక్కేది?" అంది.

వరదమ్మ ఇటు తిరిగితే గట్టు, అటు తిరిగితే గట్టు. మిగిలిన కాస్త సందులో కాలు పెట్టబోయింది. అక్కడే ఉంది తీతువు గూడు.

"ఆగండి, ఆగండి" అంటూ తీతువు ఆవిడ చుట్టూ తిరిగింది. వరదమ్మ చూసింది. ఆగాలనే చూసింది. కానీ ఆగడానికి చోటుండాలి కదా. వెనకనుంచి ఆకాశంలోని నీళ్లన్నీ ఆవిడని తోస్తున్నాయి. మట్టి ముద్ద కరిగిపోయింది. నాలుగు గుడ్లూ కాసేపు నీళ్ల మీద తేలి, ఒకదాని వెనక ఒకటి మునిగిపోయాయి.

"నన్ను క్షమించవే తల్లీ" అంది వరదమ్మ. తీతువు గుడ్లు మునిగిన చోటే ఏడుస్తూ తిరిగింది.

ఆ తరవాత వరదమ్మకి కోపం వచ్చింది. "నా చోట్లో మీరు పడుకున్నారు కాబట్టి మీ చోట్లో నేను పడుకుంటాను" అంది. గట్లన్నీ ఒక్క తోపుతో తెంచుకుని మెరకపాలెంలోకి నడిచింది. అరుగుల మీద పడుకుంది, మంచాల మీద పడుకుంది, గవర్రాజు వంటింట్లో పొయ్యి మీద కాళ్లు పెట్టుకుని పడుకుంది. జనం పిల్లల్ని చంకనేసుకుని ఊరి చివర ఎత్తు మీదకి పరిగెత్తారు. చెరువుల్లో చేపలన్నీ ఆవిడతో పాటే లేచి సముద్రానికి పోయాయి.

నీళ్లు దిగిపోయాక ఊరివాళ్లు బురద కాళ్లతో తీతువు దగ్గరికి వచ్చారు. ఈసారి బియ్యం తేలేదు.

"మడుగు తరఫున మాట చెప్పేది నువ్వే కదా. ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెప్పానండి" అంది తీతువు.

"చెప్పారండి, కాదనను" అన్నాడు గవర్రాజు. "కానీ మెత్తగా చెప్పారు. బాగుంటుందేమో అన్నారు. అలా చెప్తే ఎవరికి ఎక్కుతుందండి? గట్టిగా అరిచి చెప్పుంటే వినేవాళ్లం కదండి, ఆయ్."

"నిజమే, అరిచుంటే వినేవాళ్లం" అన్నారు అందరూ.

తీతువు వాళ్లందరి వంకా ఒకసారి చూసింది. గుడ్లు పోయాయి. తుంగ పోయింది. మడుగు పోయింది. తప్పు మాత్రం తన గొంతు మీదకి వచ్చి వాలింది. అన్నాళ్లుగా పట్టుకుని ఉన్న మర్యాద అప్పుడు తెగింది.

"ఒరే గవర్రాజూ" అంది.

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. కొంగ కూడా ఉలిక్కిపడింది.

"గట్టిగా చెప్తే వింటారా? అయితే ఇక గట్టిగానే చెప్తాను. మీరు వచ్చి అడిగేదాకా కూడా ఆగను. మీ అడుగు దూరాన కనబడగానే చెప్తాను. పగలూ చెప్తాను, రాత్రీ చెప్తాను, మీ నెత్తి మీద తిరుగుతూ చెప్తాను. అప్పుడైనా వింటారా?"

"తప్పకుండా వింటామండి" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఆ రోజు తీతువు పొద్దుగూకేదాకా అరిచింది. ఏడ్చి ఏడ్చి, అరిచి అరిచి దాని కళ్ల ముందు తోలు ఎర్రగా కందిపోయింది. ఆ ఎరుపు మళ్లీ తగ్గలేదు.

గుడ్లు పెట్టే కాలం మళ్లీ వచ్చింది. తీతువు బాగా ఆలోచించింది. తుంగ ఉన్నచోట తుంగ కోసం వస్తారు. మట్టి ఉన్నచోట మట్టి కోసం వస్తారు. అందుకని వెతికి వెతికి, గడ్డిపోచ కూడా మొలవని రాళ్లనేల ఒకటి చూసుకుంది. గూడు కూడా కట్టలేదు, గూడు ఉందంటే దాని కోసం కూడా వస్తారని. రాళ్ల మధ్య రాళ్లలాగే కనబడే మచ్చల గుడ్లు నాలుగు పెట్టింది.

"ఇక్కడ తీసుకోడానికి ఏమీ లేదు" అనుకుని మొదటిసారి కాస్త కళ్లు మూసుకుంది.

మూడోనాడు గవర్రాజు అల్లుడు వచ్చాడు. చేతిలో కొలతాడు, చంకలో హద్దుకర్రలు ఉన్నాయి. "ఈ రాళ్లు ఏరించి చదును చేస్తే ప్లాట్లు వేయొచ్చు. ఇంత నేలలో నా ఒక్కడితో ఏం పోతుంది" అని తనలో తను అనుకుంటూ వస్తున్నాడు.

తీతువు లేచింది. మాట ఇచ్చింది కదా, ఒంట్లో ఉన్న శక్తంతా కూడదీసుకుని అరిచింది. వాడి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ అరిచింది. ఆగు, చూసి అడుగెయ్యి, ఇక్కడ నా పిల్లలున్నారు అని అరిచింది.

అల్లుడు నిలబడ్డాడు. కానీ కాళ్ల కిందకి చూడలేదు. పైకి చూశాడు.

"ఛీ, తీతువు. అపశకునం. ఎవరికో మూడింది" అని ఒక రాయి తీసి దాని మీదకి విసిరాడు. చెవులు మూసుకుని కొలతాడు పరుచుకుంటూ ముందుకు నడిచాడు.

అప్పటినుంచే తీతువు పిట్ట, మనిషి అడుగు ఎంత దూరాన పడినా సరే, ఎర్రబడ్డ కళ్లతో లేచి, వాడి నెత్తి మీద తిరుగుతూ గొంతు చించుకుని అరుస్తుంది.