పీకి చూడని గూడు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి కూడా ఎన్నికలొచ్చాయి, పిల్లలూ. రాక ఎక్కడికి పోతాయి.

అడవికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఒకవైపు కాకుల జట్టు. ఇంకోవైపు చిన్నపిట్టల జట్టు. కాకులు గుడ్లు తింటాయి. అందుకని వాటి పేరెత్తితేనే చిన్నపిట్టలకు వణుకు. ఈసారి ఎలాగైనా గెలవాలని అవి పైడిరాజు అనే గిజిగాణ్ణి నిలబెట్టాయి.

పైడిరాజుది పసుపుపచ్చ తల, తియ్యటి మాట. "ఎన్నాళ్లీ తుమ్మచెట్టు బతుకు? గూటికి వస్తే ముల్లు, బయటికి పోతే ముల్లు. నన్ను గెలిపించండి. వాగు ఒడ్డున కాకులుండే మద్దిచెట్టుంది. ఒక్క ముల్లు లేదు. కాకుల్ని పంపించేసి అందరికీ అక్కడ చోటిస్తాను" అనేవాడు. కాకులు లేని వేళ చూసి మద్దికొమ్మకు నమూనాగా ఒక గూడు కట్టి, బంకమట్టిలో మిణుగురుల్ని గుచ్చి దీపాలు కూడా పెట్టాడు. పిట్టలన్నీ దూరం నుంచే చూసి మురిసిపోయాయి.

ఆ జట్టులోనే గవరమ్మ అనే ముసలి గిజిగాడు ఉంది. ఆమె మాత్రం మురిసిపోలేదు. గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి పోచల్ని ముక్కుతో పట్టి గట్టిగా పీకి చూస్తుంది. ఊడకపోతేనే అందులో గుడ్లు పెడుతుంది. మొగుడు ఎంత అందగాడైనా సరే, పీకి చూడందే ఒప్పుకోదు.

"కొమ్మ మరీ నున్నగా ఉంది. ముడి నిలుస్తుందా? ఒక్కసారి ఆ గూడు పీకి చూద్దాం. నిలిచిందా, అందరికంటే ముందు నేనే జై కొడతాను" అంది గవరమ్మ.

జట్టు పెద్ద సూరయ్య అనే పిచ్చుక. అతను కంగారుపడ్డాడు. "మెల్లగా అనమ్మా, కాకులు వింటాయి. ఇంతకీ నువ్వు మా వైపా, వాళ్ల వైపా?"

"మీ వైపే నాయనా. అందుకే అడుగుతున్నా. కాకి గూడు ఊడితే నాకేం, ఊడకపోతే నాకేం?"

ఎన్నికల ముందు రోజు మళ్లీ అడిగింది. "ఇప్పుడా? ముందు గెలవనీ" అన్నాయి పిట్టలు. గవరమ్మ కూడా పైడిరాజుకే ఓటేసింది. ఏం చేస్తుంది పాపం, గుడ్లు తినే కాకికి వేయలేదు కదా. పైడిరాజు గెలిచాడు. మూడోసారి అడిగింది. "గెలిచాడుగా, ఇంకా ఈ సణుగుడేంటి?" అన్నాయి. అప్పటికి ఆమెకు కోపం కూడా రాలేదు. అలసటొచ్చింది. పరాయివాళ్లతో పోట్లాడొచ్చు గానీ, సొంతవాళ్లకు నచ్చజెప్పలేక చస్తాం.

కాకులు మద్దిచెట్టు ఖాళీ చేశాయి. పిట్టలన్నీ అక్కడికి మారాయి. గవరమ్మ కూతురు నూకాలు కూడా మారింది. ఆమెకది తొలి కాన్పు.

"అమ్మాయ్, ఎవరు పీకినా పీకకపోయినా, నీ గూడు నువ్వు పీకి చూసుకో" అంది గవరమ్మ.

"అందరూ చూస్తుండగానా? అధ్యక్షుడిచ్చిన చెట్టు మీదే అనుమానమా అంటారు. నా మొగుడికీ చిన్నతనం. వద్దులే అమ్మా" అంది నూకాలు.

పీకలేదు. మూడు గుడ్లు పెట్టి పొదిగింది. ఒకరోజు తల్లిని పిలిచి, "అమ్మా, లోపల పిల్ల కదులుతోంది" అని చెప్పింది. ఆ ముఖం చూసి గవరమ్మ పీకే మాట వదిలేసి గుడ్డుకు చెవి ఆనించింది.

ఆ వారంలోనే ఈదురుగాలి, వాన. నున్నటి కొమ్మల మీద ముడులు జారిపోయాయి. గూళ్లు ఒకదాని వెనక ఒకటి వాగులో పడ్డాయి. నూకాలు తన గూటి వెంట నీళ్లమీద ఎగురుతూ చాలా దూరం పోయింది. తర్వాత గూడు కనపడలేదు.

వాన వెలిశాక పైడిరాజు పైకొమ్మ ఎక్కి, "ఇదంతా కాకుల కుట్ర" అన్నాడు. కొన్ని పిట్టలు తలలూపాయి. నవ్వకండి పిల్లలూ, నిజంగానే ఊపాయి. మిగతావి గవరమ్మ చుట్టూ చేరాయి.

"నువ్వు ముందే చెప్పాల్సింది కదమ్మా."

"చెప్పాను."

"గట్టిగా చెప్పాల్సింది."

గవరమ్మ కూతుర్ని వెతుక్కుంటూ వాగు వైపు ఎగిరింది.

వాగు ఒడ్డున రాయి మీద కూలబడి నూకాలు బావురుమంది. సూరయ్య గబగబా వచ్చి, అటూ ఇటూ చూసి, "మెల్లగా ఏడవమ్మా, కాకులు వింటాయి" అన్నాడు.

గవరమ్మ కూతుర్ని రెక్క కిందికి తీసుకుంది.

"విననీ సూరయ్యా. మూడుసార్లు నా నోరు మూయించారు. బిడ్డల్ని పోగొట్టుకుంది, దాని నోరైనా వదిలెయ్యండి" అంది. తర్వాత కూతురి తల నిమిరి, "గట్టిగానే ఏడువు తల్లీ" అంది.

నీతి: మనవాణ్ణి ప్రశ్నించినవాళ్లు పగవాళ్లు కారు. గూడు మనదైతేనే ఇంకా గట్టిగా పీకి చూడాలి, ఎందుకంటే అందులో ఉండేవి మన గుడ్లే.