లేత గుమ్మడి కాడ

అచ్యుతం మూడు రోజులు కషాయం పట్టినా పసిదాని గొంతులో కూత ఆగలేదు.

మూడు నెలల పిల్ల. ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమంటోంది. ఏడిస్తే మరీను. నిద్రలేక తల్లి కళ్లు వాచిపోయాయి.

"పిల్లికూతలు బాబూ. వాత పెడితేగాని వదలవు. మా పెద్దాడికీ పెట్టించాను," అంది నాయనమ్మ సూరాలమ్మ.

వైద్యుడు కోటప్పయ్యగారు ఊళ్లో లేనప్పుడు శిష్యుడు అచ్యుతం ఒంటరిగా చేపట్టిన మొదటి రోగం ఇది. చేతకాలేదని ఎలా చెప్పడం? పసుపుకొమ్ము దీపం మీద పెట్టాడు. దాని కొస ఎర్రబడుతుండగా గురువుగారు ఊరి నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

కొమ్ము వంక చూశారు. పిల్లను భుజాన వేసుకున్నారు. కూత తగ్గింది. వెల్లకిలా పడుకోబెడితే మళ్లీ మొదలైంది.

"పాలు తాగుతోందా అమ్మా?"

"తాగుతోందయ్యా. ఒళ్లు కూడా చేస్తోంది."

"ఒరే అచ్యుతం, పెరట్లో రెండు గుమ్మడాకు కాడలు కోసుకురా. ఒకటి ముదురుది, ఒకటి తీగ కొసన ఉన్న లేతది."

తెచ్చాడు. నూగు గీకించి, "పీల్చు" అన్నారు.

ముదురు కాడలోంచి గాలి హాయిగా వచ్చింది. లేతదాన్ని గట్టిగా పీల్చేసరికి లోపలికి అతుక్కుపోయి కీచుమంది. అచ్చం పిల్ల గొంతే. సూరాలమ్మ ఉలిక్కిపడింది.

"ఇప్పుడు మెల్లగా."

మెల్లగా పీలిస్తే కూత లేదు.

గురువుగారు లేత కాడను దీపం పక్కన పెట్టారు. "చెప్పరా. దీనికి వాత ఎక్కడ పెడదాం?"

అచ్యుతం కొమ్మును దీపం మీంచి తీసేశాడు.

"మీ పెద్దాడికి వాత పెట్టాక ఎన్నాళ్లకు తగ్గిందమ్మా?" అని సూరాలమ్మను అడిగారు.

"నడక వచ్చాకనయ్యా..." అని ఆగిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గురువుగారు పిల్లను తెచ్చి ఆమె భుజాన వేశారు.

అచ్యుతం కొమ్మును నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది.

"ఎక్కువ ఏడవనివ్వకమ్మా," అన్నాడు తల్లితో. "పాలు మానినా, డొక్కలు ఎగరేసినా, పెదాలు నల్లబడినా ఆ క్షణమే పరుగెత్తుకురా."

"మరి మందు బాబూ?"

అచ్యుతం పెరట్లో గుమ్మడి తీగ వైపు, ఆపైన పిల్ల వైపు చూశాడు.

"పెరుగుతోందమ్మా," అన్నాడు.