మద్దిబెరడు బొమ్మలు

అనగనగా ఒక అడవి. చెట్లన్నీ ఆకులు రాల్చేసుకుని బోడిగా నిలబడే రోజుల్లో ఆ అడవిలో పండగ చేసుకునేవారు. అవునర్రా, నవ్వకండి. మనం చిగుళ్ళు వస్తే పండగ చేసుకుంటాం, వాళ్ళు ఆకులు రాలితే చేసుకుంటారు. ఎవరి అలవాటు వాళ్ళది. ఆ పండగ పేరు రాలు పండగ.

దానికో కట్టుబాటు ఉంది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు కానుక ఇచ్చుకోవాలి. ఆ కానుకని ఎవరి వాకిట్లో రాలినదానితో వాళ్ళే, తమ చేతులతో చెయ్యాలి. కొమ్మ మీదున్నది కొయ్యకూడదు. ఇంకొకరి వాకిట్లోది ఏరకూడదు. పొద్దు గూకేలోగా ఇచ్చెయ్యాలి. పైసా ఖర్చు లేని పండగ, కానీ చూడబోతే రెండు కళ్ళూ చాలవు.

ఎలుగుబంటి గంగులప్ప ఇంటిముందు ఇప్పచెట్టు ఉండేది. తెల్లారేసరికి నేలంతా తెల్లటి ఇప్పపూలు పరుచుకునేవి. ఆయన వాటిని ఎండబెట్టి, దంచి, ఉండలు చుట్టి, రాలిన ఆకులతో దొప్పలు కుట్టి అందులో పెట్టి ఇచ్చేవాడు. ముళ్ళపంది లక్కమ్మ వాకిట్లో మోదుగపూలు రాలేవి. తన ఒంటినుంచి ఊడిన ముళ్ళకి ఆ ఎర్రటి పూలు గుచ్చి తోరణాలు కట్టేది. ఇక బూరుగు చెట్టు కింద ఉండే కుందేళ్ళు రాలిన దూదితో చిన్న చిన్న దిండ్లు చేసేవి. ఆ దిండు మీద తల పెడితే నిద్ర ఎప్పుడు పట్టిందో కూడా తెలిసేది కాదట.

మన కథ వీళ్ళది కాదు, నాంచారమ్మది. నాంచారమ్మ ఒక ఉడుత. చురుకైనది, పనిమంతురాలు, మనసు మంచిదే. కానీ ఎవరైనా మెచ్చుకోకపోతే ఆ పూట అన్నం సయించదు. అలాంటివాళ్ళు మనలోనూ ఉన్నారులెండి, నేనెవరి పేరూ చెప్పను.

ఆవిడ ఉండేది నల్లమద్ది చెట్టు మీద. నల్లమద్దికి పూల సోకు లేదు, తినే పండూ లేదు. వాకిట్లో రాలేవి ఎండుటాకులు, గరుకు గరుకుగా మందపాటి బెరడు పెచ్చులు. నిరుడు నాంచారమ్మ ఎండుటాకులతో విసనకర్ర అల్లి లక్కమ్మకి ఇచ్చింది. లక్కమ్మ బాగుందమ్మా అంది. అని, పక్కకి తిరిగి గంగులప్ప ఇప్పపూల ఉండల కేసి చూసింది. అందరూ అటే చూశారు. నాంచారమ్మకి ఆ చూపు ఏడాదంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఏడాది ఆవిడ పక్కింటికి కొత్తవాళ్ళు వచ్చారు. కొమ్ముముక్కు పిట్టలు, మొగుడూ పెళ్ళాం. పొడుగాటి వంకర ముక్కు, దాని మీద చిన్న కొమ్ములాంటిది ఉంటుంది వాటికి. మొగుడి పేరు ఓబులేసు, పెళ్ళాం సుంకులమ్మ. పక్కనున్న తాండ్ర చెట్టు తొర్రలో కాపురం పెట్టారు. పెట్టిన నాలుగో రోజే సుంకులమ్మ తొర్రలోకి వెళ్ళి, మట్టీ పండ్ల గుజ్జూ కలిపి మెత్తి, తలుపు మూసేసుకుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదిలింది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా వాళ్ళ ఆడవాళ్ళు బయటికి రారట. రోజంతా ఓబులేసు మేడిపళ్ళు తేవడం, ఒక్కొక్కటే సందులోంచి అందించడం.

పండగ దగ్గరపడింది. ఈసారి నా కానుక చూసి అడవి అడవంతా నోరు తెరవాలి అనుకుంది నాంచారమ్మ. వాకిట్లోకి చూస్తే అవే పెచ్చులు, అవే ఆకులు. వీటితో ఏం చేస్తాం, నా మొహం చేస్తాం అనుకుంది. ఏమీ తోచక అడవి అంచుదాకా వెళ్ళింది. అక్కడ మనుషులు జాతర చేసుకుని వెళ్ళిపోయారు. ఒక గుంజకి తళుకుల దండ వేలాడుతోంది. వెండిరంగు కాగితం, సన్నగా కత్తిరించినది, గాలికి కదిలితే కళ్ళు జిగేల్మంటున్నాయి.

నాంచారమ్మ అటూ ఇటూ చూసింది. ఇది నేను చేసింది కాదే అని ఒకసారి అనిపించింది. నా వాకిట్లోది కూడా కాదే అని ఇంకోసారి అనిపించింది. మూడోసారి అనిపించేలోపు దండ నోట కరుచుకుని బయల్దేరింది.

పండగనాడు తెలతెలవారుతుండగానే తాండ్ర చెట్టెక్కి, సుంకులమ్మ తొర్ర సందుకి అడ్డంగా ఆ దండని కట్టేసింది. ఎండ పడింది. గాలి వీచింది. అబ్బ, ఏం చెప్పమంటారు? చెట్టంతా వెలుగు పారింది. కొమ్మల మీద, బండల మీద, జంతువుల మొహాల మీద వెండి చుక్కలు పరుగులు పెట్టాయి. కానుకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నవాళ్ళంతా అక్కడే ఆగిపోయారు. గంగులప్ప చేతిలో దొప్ప పక్కకి ఒరిగి ఉండలు దొర్లిపోయినా చూసుకోలేదు. ఇదెలా చేశావమ్మా నాంచారమ్మా అని లక్కమ్మ అడిగింది. నాంచారమ్మ అవుననలేదు, కాదనలేదు. తోక మాత్రం పైకి లేపుకుని కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుంటుంటే పొద్దు నడినెత్తికి వచ్చింది కూడా తెలియలేదు.

అప్పుడు కనిపించాడు ఓబులేసు. దూరంగా ఒక ఎండుకొమ్మ మీద, నోట మేడిపండు పెట్టుకుని కూర్చున్నాడు. తాండ్ర చెట్టు వైపు ఎగరడం, సగం దూరం వచ్చి బెదిరి వెనక్కి తిరగడం, మళ్ళీ ఆ కొమ్మ మీదే వాలడం. తెల్లారినప్పటినుంచీ అదే పని. నాంచారమ్మ కొమ్మ కొమ్మకీ దూకుతూ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఏందన్నా, ఇక్కడ కూర్చున్నావు? వదినకి పండు పెట్టలేదా?"

ఓబులేసు పండుని కాలి కింద అదిమి పట్టుకుని చెప్పాడు. "మా ఇల్లు అంటుకుంది నాంచారమ్మా. మంట లేస్తోంది చూడు. సుంకులు బయటికి రాలేదు. రెక్కల ఈకలన్నీ రాల్చేసుకుంది, ఎగరలేదు. నేను పెడితేనే తినేది. పొద్దున్నుంచి మెతుకు లేదు. పిలిచినా పలకడంలేదు."

నాంచారమ్మ తిరిగి ఆ దండ కేసి చూసింది. చేలల్లో పిట్టల్ని బెదరగొట్టడానికి మనుషులు కట్టేవి ఇలాంటి కాగితాలే అని అప్పుడు గుర్తొచ్చింది. తను చూసుకుని మురిసిపోయిన వెలుగు ఆయన కంటికి నిప్పు. లోపలున్న ఆవిడకి గుమ్మంలో మంట. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఆవిడా దక్కదు, గుడ్లూ దక్కవు.

గబగబా వెనక్కి వచ్చింది. చెట్టెక్కుతుంటే మనసు ఒక మాట చెప్పింది. చప్పుడు చెయ్యకుండా ముడి కొరికెయ్యి, గాలికి ఊడిపోయిందని చెప్పు, నీ పేరు నీకుంటుంది అంది. కింద అందరూ ఇంకా తలలెత్తి చూస్తూనే ఉన్నారు. నాంచారమ్మ సందు దగ్గర ఆగి కిందికి చూసింది.

"ఇది నేను చేసింది కాదు. నా వాకిట్లో రాలిందీ కాదు. జాతర గుంజ మీదినుంచి తెచ్చాను. దీన్ని చూసి బెదిరి ఓబులేసన్న పొద్దున్నుంచి ఇంటికి రాలేదు. లోపల వదిన పస్తు ఉంది."

ఆ మాట అనేసి ముడి పటుక్కున కొరికింది. దండ జారి కింద పడింది. వెండి చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది నాంచారమ్మకి. కాసేపటికి గంగులప్ప ఆ దండని చుట్టచుట్టి ఒక బండ కిందికి తోశాడు.

"పొద్దు ఇంకా ఉంది నాంచారమ్మా," అన్నాడు.

ఓబులేసు రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చి వాలాడు. గొంతులో దాచిన పళ్ళు ఒక్కొక్కటే తీసి సందులో పెట్టాడు. మొదటి పండు కాసేపు అలాగే ఉండిపోయింది. ఓబులేసు కదలకుండా చూశాడు. అప్పుడు లోపల్నుంచి ఒక ముక్కు నెమ్మదిగా వచ్చి దాన్ని అందుకుంది. తర్వాత రెండోది, మూడోది. పదకొండు పళ్ళూ తిన్నాక లోపలి గొంతు అడిగింది, పక్కింటి వదిన ఉందా అని.

నాంచారమ్మ సిగ్గుతో చచ్చిపోతూ సందుకి కన్ను ఆనించింది. ముందు చీకటి. తర్వాత కొంచెం కొంచెంగా కనిపించింది. సుంకులమ్మ రెక్కలు ఈకలు రాలి మోడుల్లా ఉన్నాయి. తోక లేదు. రాలిన మెత్తటి ఈకలన్నీ కింద పరుపులా వేసి, దాని మీద మూడు గుడ్లు పెట్టుకుని కూర్చుంది. ఇంత ఇరుకులో, ఇంత చీకట్లో, ఎగిరే రెక్కలు వదులుకుని ఒక తల్లి నెలనాళ్ళుగా కూర్చుని ఉంది. పక్క చెట్టు మీదే ఉండి ఒక్క రోజు కూడా ఈ సంగతి తలుచుకోలేదు తను.

"పండగ కదా వదినా," అంది సుంకులమ్మ. "నీ కానుక తీసుకో."

సందులోంచి ఒక ఈక బయటికి వచ్చింది. బూడిదరంగు ఈక, కొసన తెలుపు. నాంచారమ్మ దాన్ని పట్టుకుంటే వెనకాల ఇంకో ఈక వచ్చింది. దాని కాడలో ఇది దూర్చి ఉంది. ఇంకోటి వచ్చింది. లాగుతుంటే వస్తూనే ఉంది. తొర్ర దాటి, కొమ్మ దాటి, కింది కొమ్మదాకా జారింది ఆ ఈకల మాల. గాలికి కదిలితే అది మెరవలేదు, ఊపిరి పీల్చినట్టు మెల్లగా ఊగింది. కింద ఉన్నవాళ్ళు అంతా లేచి నిలబడ్డారు.

"నా వాకిట్లో రాలేవి ఇవే," అంది సుంకులమ్మ. "పరుపుకి పోగా మిగిలినవి. చీకట్లో గుచ్చాను, నాకు కనపడదు. వంకర పోయిందేమో చూడు వదినా."

నాంచారమ్మకి ఏడుపు ఆగలేదు. ఎక్కడా వంకర పోలేదని ఎలాగోలా చెప్పింది. నీకేం కావాలి వదినా అని అడిగింది. సుంకులమ్మ తన ఆశ చెప్పింది. ఆ సందులోంచి ఒక కొమ్మా, చారెడు ఆకాశమూ తప్ప ఏమీ కనిపించవట. ఈ ఊరికి కొత్త, పండగ ఎలా ఉంటుందో, ఎవరెవరు వస్తారో చూద్దామని ఉండేదట. అది కుదరదులే, నువ్వొచ్చి పలకరించావు, అదే చాలు అంది.

నాంచారమ్మ ఒక్క దూకులో తన వాకిట్లో పడింది. బెరడు పెచ్చులు ముందేసుకుని కూర్చుంది. లావుపాటి పెచ్చు తీసుకుని పళ్ళతో కొరికి పొట్ట చేసింది, మెడ చేసింది. అది గంగులప్ప. ఇంకో పెచ్చుకి ఎండుటాకుల కాడలు వరసగా గుచ్చింది. అది లక్కమ్మ. మూడోదానికి వంకర ముక్కు చెక్కి, ముక్కు మీద చిన్న కొమ్ము నిలిపింది. బెరడు గరుకు, పంటికి లొంగదు. చిగుళ్ళనుంచి నెత్తురు వచ్చింది. ఎవరైనా చూస్తున్నారా అని ఆవిడ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చివరికి చిన్న ముక్క మిగిలితే దానితో తనని చేసుకుంది. తొందరలో తోక సగం విరిగింది. మళ్ళీ చేద్దామంటే పొద్దు కొండ మీదికి దిగిపోతోంది.

సందులో పట్టేంత చిన్నవిగా చేసిన నాలుగు బొమ్మల్నీ ఒక్కొక్కటే లోపలికి జార్చింది. ఊళ్ళోవాళ్ళ సంగతులు ఓబులేసు చెప్పగా విన్నదే గానీ వాళ్ళని చూడలేదు సుంకులమ్మ. చీకట్లో మొదటి బొమ్మని ముక్కుతో తడిమింది.

"పొట్ట ఇంతుంది. ఇప్పపూల ఉండలు చేసే ఎలుగుబంటి మామ కదూ?"

కింద గంగులప్ప తన పొట్ట చూసుకున్నాడు. సుంకులమ్మ రెండోదాన్ని తడిమి, ముళ్ళు గుచ్చుకుని, లక్కమ్మక్కే అంది. మూడోదాని ముక్కు తగలగానే అది తన మొగుడే అని తెలిసిపోయింది. దాన్ని దగ్గరికి లాక్కుని గుండెకి హత్తుకుంది. బయట కొమ్మ మీద ఓబులేసు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాలుగోదాన్ని తడుముతూ, తోక విరిగిన ఉడుతేంటి వదినా, ఇది నువ్వా అని నవ్వింది. ఆ బోడి చెట్ల మధ్య ఆ నవ్వు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

ఆ నవ్వు ఆగేలోపే తొర్రలో టక్ మని చిన్న చప్పుడైంది. ఓ గుడ్డు బీటవారింది. నాంచారమ్మ సందుకి కన్ను ఆనించి కదలకుండా ఉండిపోయింది. పెంకు తోసుకుని ఒక పిల్ల బయటికి వచ్చింది. ఒంటి మీద ఒక్క ఈక లేదు, కళ్ళు ఇంకా తెరుచుకోలేదు. తల వణికించుకుంటూ అటూ ఇటూ తడుముకుంది. దాని ముక్కుకి మొట్టమొదట తగిలింది ఆ తోక విరిగిన ఉడుత. పిల్ల దానికి తల ఆనించుకుని పడుకుంది.

నీతి: కానుక ఇచ్చేది చూసేవాళ్ళ మెప్పు కోసం కాదు, పుచ్చుకునేవాళ్ళ మనసు తెలుసుకుని, మనకున్నదానితో మన చేతులతో చేసి ఇవ్వాలి.