నగారా గది అద్దె కాగితం

ఎక్కడో ఒక రాజ్యం ఉండేదంట. దాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. తన ముద్ర పడిన కాగితమంటే ఆయనకి మహా గొప్ప.

కోట పక్కన రాజుగారికున్న ఒక ఇంట్లో గవరయ్య అనే చాపలల్లేవాడు అద్దెకుండేవాడు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోతానని కాగితం మీద వేలిముద్ర వేశాడు. అతని పెళ్ళాం నూకాలు కిందటి రోజే ఆడపిల్లని కన్నది. ఇంతలో రాజుగారికి ఆ చోట గుర్రాల సాల కట్టాలనిపించింది. చీకటి పడేలోపు ఖాళీ చెయ్యమని భటుడొచ్చి చెప్పాడు. బయట ముసురు. పసిగుడ్డుని ఎక్కడ పడుకోబెట్టాలో తెలీక నూకాలు ఏడుపు దిగమింగుకుని కూచుంది.

గవరయ్య పరిగెత్తి ఆస్థానంలో ఉండే కొండుభొట్లు కాళ్ళ మీద పడ్డాడు. భొట్లు హాస్యగాడే గాని పిరికివాడు. అయినా రాజు దగ్గరికి వెళ్ళి, పిల్లని ఉయ్యాల్లో వేసేదాకా పురిటింటిని ఖాళీ చేయించకూడదని మీ తాతగారు పెట్టిన చట్టం ఉంది కదా ప్రభూ అని గుర్తుచేశాడు.

"ఆ చట్టం కాగితం లేనోళ్ళకి. వీడు ఒప్పుకుని రాసిచ్చాడు. కాగితం ముందు చట్టమేంటయ్యా?" అన్నాడు రాజు.

భొట్లు ఇంక వాదించలేదు. కోట మీద ఎవరూ ఉండని నగారా గది తనకి అద్దెకిమ్మని అడిగాడు. అందులో ఉన్నవాటితో ఎప్పుడేం చేసినా తన ఇష్టమని కాగితం రాసుకొచ్చాడు. రాజు చూసీ చూడకుండా ముద్ర కొట్టాడు.

మధ్యాహ్నం రాజుగారు కునుకు తీసే వేళ ఊళ్ళో రోకలి చప్పుడు కూడా చెయ్యకూడదు. అది చట్టం. తప్పితే కొరడా దెబ్బలు. భొట్లు సరిగ్గా ఆ వేళకే నగారా గదికెక్కి కర్ర ఎత్తి, కింద గవరయ్య ఇంటి వైపు చూశాడు. భటులు అప్పుడే తట్టాబుట్టా బయట పడేస్తున్నారు. భొట్లు కళ్ళు మూసుకుని నగారా వాయించేశాడు.

రాజు తలపాగా లేకుండానే ఊడిపడ్డాడు. "చట్టం తెలీదటయ్యా నీకు?"

"తెలుసు ప్రభూ. కాగితం ఉంది కదా అని..." భొట్లు ముద్ర పడిన కాగితం చాపాడు.

"ఏం రాసుకుంటే మాత్రం, చట్టాన్ని కాదని కాగితం చెల్లుతుందా?"

భొట్లు కర్ర కింద పెట్టి, వానలో తడుస్తున్న చాపల్ని కిటికీలోంచి చూపించాడు.

"ఆ మాట అక్కడ కూడా చెప్పండి ప్రభూ. దెబ్బలు తర్వాత తింటాను."

రాజు కిటికీలోంచి కిందికి తొంగి చూశాడు. ఆఖరికి ఆయన బొజ్జ కదిలేలా నవ్వాడు. "నా నోటితోనే చెప్పించావు కదయ్యా," అని చేతి కడియం తీసి భొట్లుకి తొడిగాడు. గవరయ్య సామాన్లు మళ్ళీ లోపల పెట్టించాడు.

పిల్లని ఉయ్యాల్లో వేసిన రోజు రాజుగారే స్వయంగా వచ్చారు. ఆయన ఎక్కడికెళ్ళినా నగారా కొట్టాలి. భటుడు కర్ర ఎత్తబోతే రాజే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా. పిల్ల పడుకుంది."