నేలను అడిగిన పిగిలిపిట్ట

అనగనగా ఒక అడవి ఉండేది. ఇప్పుడు లేదు. దాన్ని కొట్టేసి పెద్ద నగరం కట్టారు. కట్టేటప్పుడు ఎవరో మర్చిపోయినట్టు నడిమధ్యలో ఒక పార్కు మాత్రం మిగిలిపోయింది. మన కథ ఆ మరుపులోనే జరిగింది.

ఆ పార్కులో కానుగ చెట్టు మీద ఒక పిగిలిపిట్ట ఉండేవాడు. నెత్తిన నల్లటి కొప్పు, తోక కింద ఎర్రటి మచ్చ. పేరు కొప్పయ్య. మంచి పాటగాడు. ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, అతనే చెప్పేవాడు. పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం పండు తిన్నాక ఒకసారి, సాయంత్రం ఇంకోసారి.

చెట్టు ముందు పెద్ద పచ్చిక. పచ్చిక కింద గుల్ల మట్టి. ఆ మట్టిలో ఒక చిన్న బొరియ. బొరియలో ఒక ముసలి ఇలకోడి, అదే, కీచురాయి పురుగు. ఆయన గరికయ్య తాత. పిట్టలు ఇలకోళ్ళను తినేస్తాయి కదా అని అడగబోయే గడుసువాళ్ళు కాస్త ఆగండి. కొప్పయ్య పళ్ళు తప్ప ఏమీ ముట్టడు.

గరికయ్య తాతకు ఒకే ఒక్క స్వరం వచ్చు. "క్రీ..." అని. దీపాలు పెట్టే వేళకు అది మొదలయ్యేది. సన్నగా, తడిగా, ఎక్కడా తెగకుండా. ఆ శ్రుతి పట్టుకుని కొప్పయ్య పాట ఎత్తుకునేవాడు.

"తాతా, ఎప్పుడూ అదే క్రీ! విసుగు పుట్టదా? రెండోది నేర్చుకోరాదూ?" అని కొప్పయ్య ఆటపట్టించేవాడు.

"రెండోది నీ దగ్గరుందిగా నాయనా. ఇద్దరివీ కలిపితే చాలదూ?" అనేవాడు తాత.

కొప్పయ్యకు ఆ మాట అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తోక ఊపేవాడు.

పచ్చికకు అటు చివర గడ్డి మొలవని గులకరాళ్ళ జాగా ఒకటి ఉంది. అక్కడ తీతువు పిట్ట నూకాలు కాపురం. ఆమె గూడు కట్టదు. రాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. రాయేదో గుడ్డేదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరి అడుగు వినబడినా "ఎవరదీ? ఎవరదీ?" అని కేకలేస్తుంది. చివరికి తన మొగుడొచ్చినా అంతే.

ఆ పార్కులో ఒక ఆచారం ఉండేది. పచ్చిక మీద పదిమంది చేరి ఏం చేసుకోవాలన్నా ముందు నేలను అడగాలి. అడిగే పని పార్కు పాటగాడిది. ముక్కు నేలకు ఆనించి, "కిందివాళ్ళూ, మేం రావచ్చా?" అని మూడుసార్లు అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. కిందివాళ్ళంటే వానపాములు, చీమలు, ఇలకోళ్ళు. అందరూ కూర్చుని మాట్లాడుకుని, అప్పుడు తాత గొంతుతో జవాబు చెప్పేవారు. మహా నెమ్మదస్తులు. ఒకసారి ఉడుతల పెళ్ళికి అడిగితే మూడో రోజున "రండి" అన్నారు. ఆ లోపల పెళ్ళికూతురు అలిగింది, అలక తీరింది, మళ్ళీ అలిగింది.

ఒకనాడు బస్టాండు నుంచి ఒక గోరింక వచ్చాడు. పేరు భజంత్రి. ఏ గొంతునైనా ఇట్టే దించేస్తాడు. కండక్టరులా విజిల్ వేస్తే బస్సులు కదిలేవట. అది కూడా అతను చెప్పిందే.

"గురూ! పాటల జాతర పెడుతున్నా, ఇక్కడే, ఈ పచ్చిక మీదే!" అన్నాడు భజంత్రి. "మూడు రోజులు. వడ్రంగిపిట్టల డోళ్ళు నలభై జతలు. నెమళ్ళ ఆట. గాడిదల కోరస్. గేదెలు, మేకలు, కుక్కలు మందలు మందలుగా దిగుతాయి. మూడో రోజు సాయంత్రం మాత్రం వేదిక మీద ఒకే ఒక్కడు. ఎవరో చెప్పుకో!"

"ఎవరు?" అన్నాడు కొప్పయ్య. అడుగుతుండగానే కొప్పు నిక్కబొడుచుకుంది.

"ఇంకెవరు, నువ్వే!"

కొప్పయ్యకు ఆ రోజు పండు సహించలేదు. కళ్ళు మూసినా తెరిచినా వేదికే. వేల తలలు తనవైపు తిరగడం, తన పేరు అరవడం. ఎన్నాళ్ళ నుంచో లోపల దాచుకున్న కోరిక అది.

ఆ సాయంత్రం అందరి ముందూ కొప్పయ్య నేల మీద ముక్కు ఆనించాడు.

"కిందివాళ్ళూ, మేం రావచ్చా?"

జవాబు లేదు.

"కిందివాళ్ళూ, మేం రావచ్చా?"

జవాబు లేదు. పొద పక్కన భజంత్రి రెక్కలు టపటపలాడించాడు. "గురూ, గాడిదలు అప్పుడే బయల్దేరాయి!"

"కిందివాళ్ళూ, మేం రావచ్చా?"

ఈసారి పొద వెనక నుంచి వినబడింది. "క్రీ... రండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొప్పయ్య మాత్రం ముక్కు ఎత్తలేదు. రోజూ ఆ స్వరం మీదే పాట ఎత్తుకునేవాడికి తెలియదా? ఇది వీసమెత్తు హెచ్చుగా ఉంది. తాత గొంతులో తడిమట్టి ఉంటుంది. ఇందులో బస్టాండు ఉంది.

నూకాలు అటు చివర నుంచి అడిగింది. "కొప్పయ్యా, అన్నది తాతేనా?"

అప్పుడు అతను ఒక్క మాట చెప్తే సరిపోయేది. "కాదు" అని.

"రండి అన్నారుగా," అన్నాడు కొప్పయ్య. కానీ నూకాలు కళ్ళలోకి చూడలేదు.

జాతర మొదలైంది.

మొదటి రోజు డోళ్ళు మోగాయి. పచ్చిక మీద గిట్టలు పడ్డాయి. పది కాదు, వంద కాదు. గేదెలు తాళం వేస్తే నేల అదిరింది. పార్కు గోడ పక్క మేడ మీద ఒక పావురం కాపురముంది. ఆమె ఎగిరి వచ్చి, "అన్నా, పసిపిల్లలున్నారు, కునుకు పట్టడం లేదు. కాస్త తగ్గించండి," అంది. "అక్కా, ఇది అందరి పండగ! పిల్లల్ని కూడా తీసుకొచ్చెయ్!" అన్నాడు భజంత్రి.

రెండో రోజు జల్లు పడింది. జాతర ఆగలేదు. తడిసిన మట్టిని గిట్టలు ఇటుక మట్టి తొక్కినట్టు తొక్కేశాయి. నూకాలు గుడ్ల మీద రెక్కలు పరిచి "ఎవరదీ? ఎవరదీ?" అని గొంతు చించుకుంది. ఆ డోళ్ళలో ఎవరికీ వినబడలేదు. ఒక మేకపిల్ల గంతులేస్తూ అటువైపు వెళ్ళింది. ఆ తర్వాత నూకాలు అరవలేదు.

మూడో రోజు సాయంత్రం, "ఇదిగో మన కొప్పయ్య!" అని భజంత్రి అరిచాడు. వేల తలలు తిరిగాయి. కొప్పయ్య వేదిక ఎక్కాడు. కొప్పు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

పాట రాలేదు.

అలవాటు చొప్పున అతను శ్రుతి కోసం ఆగాడు మరి. దీపాలు పెట్టే వేళ దాటిపోతోంది. కింద నుంచి ఏమీ లేదు. ఏదో ఒక స్వరం పట్టుకుని మొదలుపెట్టాడు. అది జారిపోయింది. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ జారింది. ముందు వరసలో ఒక గేదె పెద్దగా ఆవలించింది. "ఇది గాడిద కోరస్‌లోవాడేమో!" అన్నారు ఎవరో. గాడిదలకు కోపం వచ్చింది.

మర్నాటికి జాతర వెళ్ళిపోయింది. చెరకు పిప్పి, చిరిగిన విస్తళ్ళు, ఎండి బీటలు తీస్తున్న నేల మిగిలాయి. గులకరాళ్ళ దగ్గర నూకాలు లేదు. ఎటు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు. సాయంత్రమైంది. కొప్పయ్య కానుగ కొమ్మ మీద కూర్చుని చెవి ఒగ్గాడు. దీపాలు వెలిగాయి. క్రీ మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు.

అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. విసుగు పుట్టదా అని తాను వెక్కిరించిన ఆ ఒక్క స్వరం కోసం ఇప్పుడు ఒళ్ళంతా చెవులైపోయాడు.

తాతను వెతకడానికి బయల్దేరాడు. రోడ్డు మధ్య మొక్కల వరసలో అడిగాడు. లేడు. మొక్కలమ్మే నర్సరీలో ఎరువు కుప్ప దగ్గర అడిగాడు. లేడు. ఆఖరికి పావురం ఉండే మేడ మీద ఒక మందార కుండీలో సన్నగా దగ్గు వినబడింది.

"తాతా!"

"ఎవరు, నాయనా నువ్వా? రా. కూర్చోమందామంటే నాకే చోటు చాలడం లేదు," అన్నాడు గరికయ్య తాత.

కొప్పయ్య కుండీ అంచు మీద వాలాడు. తాతే అడిగాడు.

"ఆ రండి అన్న గొంతు నాది కాదని నీకు తెలుసుగా?"

కొప్పయ్య కొప్పు వాలిపోయింది. "తెలుసు తాతా."

"అప్పటికి మేమింకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. వానపాములు వద్దన్నాయి. మన కొప్పయ్య పాడతాడుగా, డోళ్ళూ గిట్టలూ లేకుండా ఒక్క పూటకి రమ్మందామని నేను వాళ్ళను బతిమాలుతున్నా."

కొప్పయ్య కుండీ అంచుకు ముక్కు ఆనించి, "ఇంటికి రా తాతా," అన్నాడు.

"ఎక్కడికి రమ్మంటావు? ఆ నేలలో నా కాలు దిగదు. గుల్లబారనీ, చూద్దాం."

"ఎప్పటికి గుల్లబారుతుంది?"

"అది నన్నడిగితే ఎలా? నేలను అడుగు."

కొప్పయ్య అదే చేశాడు. రోజూ పొద్దున ఎండుటాకులు ఒక్కొక్కటే ముక్కుతో తెచ్చి బోడి పచ్చిక మీద పరిచేవాడు. ఆకు కింద తడి నిలిస్తే వానపాములు పైకొస్తాయని ఎవరో చెప్పారు. ఒక పిట్ట, అంత పచ్చిక, ఒక్కో ఆకు. చూసి ఉడుతలు నవ్వాయి. "పాటగాడు పాకీపనికి దిగాడు!" అన్నాయి. తర్వాత అవీ తలా రెండు ఆకులు తెచ్చాయి. సాయంత్రం కొప్పయ్య ముక్కు నేలకు ఆనించి, "కిందివాళ్ళూ, ఉన్నారా?" అని మూడుసార్లు అడిగేవాడు. జవాబు రాకపోతే పాడకుండానే పడుకునేవాడు.

వానలొచ్చాయి. మొదటి వానకు నీళ్ళు నేల మీదే నిలిచిపోయాయి. నాలుగో వానకు కొద్దిగా ఇంకాయి. చలికాలానికి ఆకుల కింద మట్టి నల్లబడింది. ఇక్కడొకటి అక్కడొకటి గరిక పోచ లేచింది.

ఏడాది తిరిగింది. భజంత్రి మళ్ళీ దిగాడు.

"గురూ! ఈసారి డోళ్ళు ఎనభై జతలు! నిన్ను మొదటి రోజే వేదిక ఎక్కిస్తా. ఊఁ, అడుగు!"

అందరూ చేరారు. కొప్పయ్య ముక్కు నేలకు ఆనించాడు. మూడుసార్లు అడిగాడు. జవాబు లేదు.

"జవాబు రాలేదు," అన్నాడు.

"వద్దని కూడా అనలేదుగా?" అన్నాడు భజంత్రి.

"రమ్మని కూడా అనలేదు."

కాసేపటికి పొద వెనక నుంచి వినబడింది. "క్రీ... రండి!"

కొప్పయ్య తల ఎత్తాడు. "అది గరికయ్య తాత గొంతు కాదు," అన్నాడు అందరికీ వినబడేటట్టు. "పోయినేడూ కాదు. నాకు అప్పుడే తెలుసు. వేదిక మీద ఆశతో నోరు మూసుకున్నాను."

భజంత్రి పొదలోంచి తల గోక్కుంటూ వచ్చాడు.

"గొంతు అంత తేడాగా ఉందా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

"వీసమెత్తు," అన్నాడు కొప్పయ్య. "ఊరి బయట రాతినేల మైదానం ఉంది, అక్కడ పెట్టు జాతర. నేనూ వస్తా వినడానికి. ముందు అక్కడివాళ్ళను కూడా అడుగు."

భజంత్రి గొణుక్కుంటూ వెళ్ళాడు. మిగతావాళ్ళూ ఇళ్ళకు పోయారు. దీపాలు వెలిగాయి. కొప్పయ్య ఒక్కడే పచ్చిక మీద మిగిలాడు. అలవాటుగా ముక్కు నేలకు ఆనించాడు.

"కిందివాళ్ళూ, ఉన్నారా?"

ముక్కు కొస జివ్వుమంది. తర్వాత చెవికి వచ్చింది. సన్నగా, తడిగా.

"క్రీ..."

వీసమెత్తు కూడా తేడా లేదు.

"తాతా! ఎప్పుడొచ్చావు?"

"నిన్న. నువ్వు రోజూ అడిగేది అక్కడికీ వినబడేదిరా. జవాబు చెప్పడానికి కాళ్ళ కింద నేల ఉండాలిగా మరి!" అన్నాడు గరికయ్య తాత. "ఊఁ, ఎత్తుకో పాట."

కొప్పయ్య నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. "ఇవాళ నువ్వు పాడు తాతా. నేను వింటాను."

ఆ సాయంత్రం పార్కులో ఒకే ఒక్క స్వరం వినబడింది. ఎక్కడా తెగలేదు. గోడ పక్క మేడ మీద పావురం పిల్లలు హాయిగా నిద్రపోయారు.

నూకాలు మాత్రం ఇంకా రాలేదు. పచ్చికంతా ఆకులు పరిచిన కొప్పయ్య ఆ గులకరాళ్ళ జాగాలో ఒక్క ఆకూ వేయలేదు. ఆమెకు బోడి నేలే ఇష్టం. రోజూ పాటయ్యాక అటు తిరిగి కాసేపు కూర్చుంటాడు, "ఎవరదీ?" అని ఎవరైనా తనను అడుగుతారేమోనని.

నీతి: పండగ చేసుకునే ముందు ఆ నేలలోనూ ఆ గోడ పక్కనా బతికేవాళ్ళను అడగాలి, జవాబు వాళ్ళ గొంతుతోనే వినాలి, మన ఆశ గొంతుతో కాదు.